సౌనాలో మొదటి వంతు

క్రిస్టర్ నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. మా ఫ్యాక్టరీలో ఎవరూ తలుపులు వేసుకోరు. ఇరవై ఆరేళ్లలో నా గది తలుపు మూసుకోవడం అదే మొదటిసారి. ఆ రోజు జూన్ నాలుగు.

"ముందు ఇది చదివి సంతకం పెట్టండి, మెర్వి. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు.

ఒకే ఒక్క పేజీ. ఇప్పుడు వినబోయే సంగతి ఎవరికీ చెప్పనని హామీ. 'భర్తకు కూడా' అన్న మాట వేరే అక్షరాల్లో ఉంది. ఎప్పుడూ వాడే నమూనాలో ఆ మాట ఉండదు. నా కోసమే చేర్పించారు. నా భర్త ఇల్పో అదే ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. పదకొండేళ్లుగా కార్మికుల ప్రతినిధి కూడా అతనే.

సంతకం పెట్టాను.

క్రిస్టర్ మా ప్లాంట్ డైరెక్టర్. చెప్పాల్సిన సంగతులు రెండున్నాయన్నాడు. తీపిది ముందు చెప్పాడు.

"సెప్టెంబరులో నేను హెల్సింకి హెడ్డాఫీసుకు వెళ్లిపోతున్నాను. నా కుర్చీ మీదే. పైవాళ్లు ఒప్పుకున్నారు."

నేను ఇరవై ఐదేళ్ల వయసులో ఫోను పక్కన కూర్చుని ఆర్డర్లు రాసుకునే పిల్లగా చేరాను. అక్కణ్ణుంచి ప్లానింగ్‌కు వెళ్లాను. తర్వాత, ప్రతి కాగితం అడుగునా అది ఎప్పుడు తయారైందో, ఎవరు తయారు చేశారో విధిగా ఉండాలన్న పద్ధతి పెట్టించి, ఆ పుణ్యాన క్వాలిటీ హెడ్‌నయ్యాను. ఆ తర్వాత ప్రొడక్షన్ మేనేజర్. పేపర్ మిల్లులకు వాల్వులు చేసే ఫ్యాక్టరీలో ఒక ఆడది అంత ఎత్తుకు రావడం అదే మొదలు. ఇంకొక్క మెట్టుంది. దాని కిందే ఎనిమిదేళ్లు నిలబడ్డాను.

"రెండోది?" అని అడిగాను.

"మెషిన్ షాపు, అసెంబ్లీ రెండూ ఇక్కణ్ణుంచి ఎత్తేస్తున్నారు. చవగ్గా పని దొరికే చోటికి. నూట నలభై ముగ్గురు." అంతలోనే చెయ్యెత్తాడు. "నిర్ణయం జరగలేదు. జరిగిందని మీరు అనకూడదు. చట్టం ప్రకారం ముందు చర్చలకు పిలవాలి. ఆరు వారాలు చర్చించాలి. నిర్ణయం ఆ తర్వాతే."

"పిలిచేది ఎప్పుడు?"

"జులై రెండో వారం. అందరూ సెలవుల్లో ఉంటారు, గేటు దగ్గర గోల ఉండదు. నేను పడవలో దీవుల మధ్య ఉంటాను. ప్రతి వేసవిలాగే నా బదులు మీరే కదా చూసుకునేది. పిలుపు కార్మికుల ప్రతినిధి చేతికిచ్చి సంతకం తీసుకోవాలి." కాస్త ఆగి నవ్వాడు. "మీకు అడ్రసు వెతుక్కునే పని కూడా లేదు."

నేనూ నవ్వాను. ఆ నవ్వు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కూర్చుని పిలుపు పత్రం టైపు చేశాం.

*

మధ్యవేసవి పండుగకు ఎప్పటిలాగే సరస్సు ఒడ్డున ఉన్న మా చెక్క ఇంటికి చేరాం. మా అమ్మాయి హిల్లా వచ్చింది. ఇల్పో పాత స్నేహితుడు సకారి దూరాన ఉన్న రౌమా ఓడరేవు నుంచి కారు తోలుకుంటూ వచ్చాడు. కొత్త బంగాళాదుంపలు, ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేప, సోయకూర వేసిన మీగడ. బల్ల బయటే వేసుకున్నాం. దోమలు మాకంటే ముందే భోజనానికి కూర్చున్నాయి.

"ఇదుగో డైరెక్టరమ్మ వచ్చింది, దారివ్వండి," అన్నాడు ఇల్పో. క్రిస్టర్ వెళ్లిపోతున్నాడని అప్పటికే ఊరంతా గుప్పుమంది. రహస్యంలో తీపి సగం మాత్రం బయటికి పొక్కింది.

"ఇంకా ఏదీ కాలేదు," అన్నాను.

"అవుతావమ్మా. నువ్వు కాకపోతే ఎవరవుతారు?" అంది హిల్లా. "నాకూ ఇస్తామన్నారు తెలుసా? టీమ్ లీడర్. వద్దన్నాను."

నా ఫోర్కు ఆగింది. "వద్దన్నావా? ఎందుకు?"

"నెలకు ఇంకో మూడొందలొస్తాయి. బదులుగా పన్నెండు మంది సెలవు తగాదాలు తీర్చాలి. నాకు నా శుక్రవారాలు కావాలి. ఈత కొట్టుకుంటాను."

"నీ వయసులో నేను శనివారాలు కూడా వెళ్లేదాన్ని."

"నాకు తెలుసు. నా ఆరో పుట్టినరోజుకు నువ్వు ఫోనులో పాట పాడావు. స్పీకరు పెట్టి అందరికీ వినిపించాడు నాన్న. బాగానే పాడావులే."

సకారి పెద్దగా నవ్వాడు. ఇల్పో బంగాళాదుంప తొక్క తీయడంలో మునిగిపోయాడు. నేను మీగడ గిన్నె అటు జరిపాను. దాన్ని ఎవరూ అడగలేదు.

నవ్వు ఆగాక సకారి అసలు పని బయటపెట్టాడు. తను పనిచేసే ఓడల మరమ్మతు యార్డులో ఫోర్‌మన్ రిటైరవుతున్నాడు. పర్మినెంటు ఉద్యోగం.

"సోమవారంలోగా చెప్పాలిరా. నీ వెనకాల ఇద్దరు కుర్రాళ్లు కాచుకుని ఉన్నారు. నేనే ఆపి ఉంచాను."

"యాభై ఏడేళ్లొచ్చాక వారమంతా అద్దె గదిలో కూర్చుని గుడ్లు ఉడకబెట్టుకోమంటావా?" అన్నాడు ఇల్పో.

"మెర్వికి విడాకులివ్వమనలేదు. ఆ లేత్ మిషన్‌కివ్వమన్నాను. అది నీకంటే ముసలిది."

"ఇంకా బాగానే తిరుగుతోందిగా."

"నీలాగే. పొద్దున్నే కాస్త మూలుగుతుందంతే."

సాయంత్రానికి సౌనా, ఒడ్డున ఉన్న మా ఆవిరి స్నానాల గది, వేడెక్కింది. మొదటి వంతు అతిథిది. మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే. సకారి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లొచ్చాడు. సరస్సులోకి దూకాడు, ఎర్రగా కాలిన ఒంటితో సాసేజీలు కాల్చడానికి కూర్చున్నాడు. తర్వాత హిల్లా. ఆఖరున ఇల్పో, నేను. ఎప్పుడూ ఆఖరుది మా ఇద్దరి వంతే.

కష్టమైన మాటలన్నీ మేం ఆ పై బెంచీ మీదే మాట్లాడుకున్నాం. కడుపులో హిల్లా ఉందని అక్కడే చెప్పాను. మా నాన్న ఇక లేడని ఇల్పో నాకు అక్కడే చెప్పాడు. ఆ చిన్న కిటికీ వెలుతురులో ఒకరి ముఖం ఒకరికి సగమే కనబడుతుంది. సగమే కనబడడం మాకు చాలాసార్లు పనికొచ్చింది.

"మెర్వీ."

"ఊఁ."

"నేను మిషన్ దగ్గరుంటాను. నువ్వు పైనుంటావు. నాకు కనబడనివి నీకు కనబడతాయి. ఒక్కటే అడుగుతా. మన ఫ్యాక్టరీ ఇంకో ఐదేళ్లు ఉంటుందా? ఉంటుందంటే నేను కదలను. లేదంటే సోమవారం పొద్దున సకారికి ఫోను చేసేస్తా."

'వెళ్లు' అంటే సరిపోయేది. కారణం చెప్పక్కర్లేదు. నేను సంతకం పెట్టిన కాగితం ఆ ఒక్క మాటకు అడ్డు కూడా రాదు. కానీ కార్మికుల ప్రతినిధి ఉన్నట్టుండి సోమవారం రాజీనామా ఇస్తే, మంగళవారానికి మెషిన్ షాపు అంతా ఎందుకని అడుగుతుంది. బుధవారానికి ఎవరు చెప్పారో క్రిస్టర్‌కు తెలిసిపోతుంది. గురువారానికి ఆ కుర్చీ ఇంకెవరిదో అవుతుంది. ఇదంతా లెక్కవేయడానికి నాకు ఒక ఊపిరి కూడా పట్టలేదు. ఇరవై ఆరేళ్ల అనుభవం మరి.

గరిటె అందుకున్నాను. బకెట్టులో ముంచి పొయ్యి మీద కాలుతున్న రాళ్ల మీద నీళ్లు పోశాను. ఆవిరి బుస్సుమంటూ లేచింది. వేడికి ఇల్పో తల వంచుకుని చెవులు మూసుకున్నాడు. ఇంకో గరిటె పోశాను. ఆవిరి సద్దుమణిగే దాకా ఆగాను.

"అద్దె గదిలో నీకు నిద్ర పడుతుందా?" అన్నాను.

ఇల్పో ముఖం తుడుచుకున్నాడు. తేలికపడ్డట్టు భుజాలు దించాడు.

"పట్టదులే. సరే అయితే, ఉండిపోతా."

సౌనాలో ఒళ్లు కొట్టుకునే బర్చి కొమ్మల కట్ట నా చేతికిచ్చి వీపు తిప్పాడు. కొట్టాను. ఆ గది నిండా లేత ఆకుల వాసన.

*

జులై తొమ్మిదిన ఆఫీసు కారులో, ఆఫీసు బట్టల్లో, మా సొంత సరస్సు ఇంటికి వెళ్లాను. గంటన్నర ప్రయాణం. కవరు పక్క సీటులో ఉంది. దానిక్కూడా బెల్టు పెట్టాలా వద్దా అన్న ఆలోచన ఒకటి వచ్చింది నాకు. బుర్ర అలా ఉంది ఆ రోజు.

ఇల్పో ఛాతీ లోతు నీళ్లలో ఉన్నాడు. పాత రేవు కుళ్లిపోయిందని కొత్తది కడుతున్నాడు. ఇనుప గుంజలు దిగగొడుతున్నాడు.

"సెలవు దొరికిందా?" అని నీళ్లలోంచే అరిచాడు. తర్వాత నా బూట్లు చూశాడు. "ఏంటి ఈ వేషం? ఎవరు పోయారు?"

"బయటికి రా, ఇల్పో. పని మీద వచ్చాను."

వచ్చాడు. నీళ్లు కారుతూ నిలబడ్డాడు. నేను దారి పొడుగునా చదువుకున్న వాక్యం అప్పగించాను. "కార్మికుల ప్రతినిధిగా నీకు యాజమాన్యం తరఫున చర్చల పిలుపు అందజేస్తున్నాను."

నవ్వబోయాడు. నా ముఖం చూసి మానుకున్నాడు. చేతులు గడ్డికి తుడుచుకుని కవరు చింపాడు. నిలబడే చదివాడు. నూట నలభై మూడు అన్న అంకె దగ్గర పెదాలు కదిలాయి. రెండో పేజీ తిప్పాడు. మూడో పేజీ. నేను బర్చి చెట్ల వంక చూస్తున్నాను. చదవడం అయిపోయినా తలెత్తలేదు.

"జూన్ నాలుగా?" అన్నాడు.

"ఏది?"

"అడుగున ఉంది. 'తయారీ జూన్ 4. తయారు చేసినవారు' అని, కింద రెండు పేర్లు."

ఆ పత్రాన్ని నేను నాలుగుసార్లు దిద్దాను. ప్రతి అంకె సరిచూశాను. అడుగున ఉన్న ఆ చిన్న అక్షరాలను మాత్రం చూడలేదు. నేను పెట్టించిన పద్ధతే. ఎవరూ చేర్చక్కర్లేదు, కంప్యూటరే వేస్తుంది, తీసేయాలన్నా కుదరదు.

"అవును," అన్నాను.

"పండుగ ఎప్పుడు చేసుకున్నాం మనం?"

"ఇల్పో, నేను సంతకం పెట్టాను. చెప్పడానికి లేదు. చెబితే..."

"చెప్పమనలేదు. పండుగ ఎప్పుడని అడిగా."

"ఇరవై ఒకటి."

తలూపాడు. మూడు పేజీలూ జాగ్రత్తగా మడిచాడు.

"సంతకం ఎక్కడ?"

చూపించాను. రేవు మీద వేసిన కొత్త పలక మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. జుట్టు మీంచి ఒక చుక్క జారి పేరు మీద పడింది. గంట ఎంతైందని అడిగి అది కూడా రాశాడు, ఒంటిగంటా పది. పద్ధతి ప్రకారం.

మా సరస్సు ఇంటికి పోస్టు తెచ్చిన మనిషి కూడా కాఫీ తాగకుండా వెళ్లడు. ఇల్పో మళ్లీ నీళ్లలోకి దిగి సుత్తి అందుకున్నాడు. నేను కారెక్కాను. మట్టిదారి మలుపు తిరిగేదాకా ఇనుము మీద సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. ఒక్క దెబ్బ కూడా లయ తప్పలేదు.

మర్నాడు అతను సకారికి ఫోను చేశాడట. కుర్రాళ్లలో ఒకడు అప్పటికే చేరిపోయాడు.

*

ఆగస్టులో చర్చలు మొదలయ్యాయి. వారానికి రెండు రోజులు బల్లకు ఇటు నేను, అటు ఇల్పో. "యాజమాన్యం ఏమంటుంది?" అని అడిగేవాడు. యాజమాన్యం అంటే నేనే. నేను రాసుకొచ్చింది చదివేదాన్ని. పొద్దున ఇద్దరం ఒకే ఇంట్లోంచి రెండు కార్లలో బయల్దేరేవాళ్లం. రాత్రి అతను హిల్లా పాత గదిలో పడుకునేవాడు. మా మధ్య గొడవ జరగలేదు. జరిగుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఒక ఆదివారం హిల్లా ఫోను చేసింది.

"అమ్మా, ఏం జరిగింది మీ ఇద్దరికీ? నాన్నను అడిగితే ఒక్క ముక్కే చెప్పాడు."

"ఏమన్నాడు?"

"'నేను అడిగాను, మీ అమ్మ నీళ్లు పోసింది' అన్నాడు. అంతే. దానర్థం ఏంటి?"

"నువ్వు భోంచేశావా?" అన్నాను. హిల్లా తెలివైన పిల్ల. ఇంకోసారి అడగలేదు.

ఆగస్టు పద్దెనిమిదిన క్రిస్టర్ హెల్సింకి హెడ్డాఫీసుకు వెళ్లొచ్చి ప్రకటన చేశాడు. సెప్టెంబరు ఒకటి నుంచి నేనే ప్లాంట్ డైరెక్టర్. ప్రమోషన్ వచ్చినవాళ్లు అందరికీ కేకు పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పెట్టకపోతే పిసినారి అంటారు. పెడితే ఏమంటారో ఆ రోజు తెలియలేదు నాకు. మూడు పెద్ద క్రీము కేకులు, పైన స్ట్రాబెర్రీలు, పొద్దున్నే తెచ్చి క్యాంటీన్ బల్ల మీద పెట్టించాను.

కాఫీ విరామం పన్నెండు నిమిషాలు. ఒప్పందంలో రాసుకున్న హక్కు, ఎవరూ వదులుకోరు. అందరూ వచ్చారు. వరుసలో నిలబడి కాఫీ పోసుకున్నారు. కేకుల పక్కనుంచి నడిచి వెళ్లి కూర్చున్నారు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. కేకు పక్కన కత్తి తళతళలాడుతూ పడి ఉంది. నాలుగు నిమిషాలు. ఆరు. తొమ్మిది. క్రిస్టర్ గోడ గడియారం చూసి, ఫోను వచ్చినట్టు బయటికి నడిచాడు.

అప్పుడు ఇల్పో లేచాడు. తిన్నగా వచ్చి ఒక ముక్క కోసుకున్నాడు. నా ఎదుటే నిలబడి మొత్తం తిన్నాడు. ఫోర్కు పళ్లెంలో పెట్టాడు.

"బాగుంది. స్ట్రాబెర్రీలు మన ఊరివేనా?"

"మన ఊరివే."

జనం వైపు తిరిగాడు. "రండి, తినండి. కేకేం చేసింది?"

ఒక్కొక్కరే లేచారు. నాకు కళ్లు చెమర్చాయి. క్షమించాడనుకున్నాను. పొరపాటు. పదకొండేళ్లుగా తన మనుషులు ఎక్కడ ఇరుకున పడ్డా బయటపడేయడం అతని పని. ఆ రోజూ అదే చేశాడు. అతని మనుషుల్లో నేను లేను.

క్రిస్టర్ వరండాలో ఎదురుచూస్తున్నాడు.

"అభినందనలు. ఇంకో చిన్న సంగతి. మీ నియామక పత్రం మార్చి ఆఖరుదాకా ఉంటుంది."

"తర్వాత?"

నా వంక విడ్డూరంగా చూశాడు. నటన కాదు, నిజంగానే అర్థం కాలేదు అతనికి. "మెషిన్ షాపు, అసెంబ్లీ పోయాక ఇక ప్లాంటే ఉండదు కదా, మెర్వి. మీరు మూసేశాక డైరెక్టరెందుకు?"

జూన్ నాలుగున అతను కుర్చీ మీదే అన్నాడు. ఎన్నాళ్లని నేను అడగలేదు. ప్రతి వాల్వుకూ గ్యారంటీ ఎన్నాళ్లని అడిగే మనిషిని.

*

ఆగస్టు ఆఖరి శనివారం సరస్సు ఇంటికి వెళ్లాను. వస్తానని ముందే ఫోను చేశాను. మా ఇంటికి వెళ్లడానికి ఫోను చేయడం అదే మొదలు. హిల్లా ముందే వచ్చి ఉంది. ఇల్పో కొత్త రేవు పూర్తి చేశాడు. పలకలు ఇంకా తెల్లగా ఉన్నాయి. చలికాలం ఇక్కడే ఉంటానని చెప్పాడు. పొయ్యి బాగుచేసుకుంటాడట, కట్టెలు కొట్టుకుంటాడట. నన్ను ఉండమనలేదు. వద్దనీ అనలేదు.

రేవు చివర హిల్లా, నేను కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాం.

"అంత ఎత్తు ఎక్కావుగా అమ్మా," అంది నెమ్మదిగా. ఈసారి వెటకారం లేదు గొంతులో. "ఏం కనబడుతుంది అక్కణ్ణుంచి?"

"పార్కింగ్," అన్నాను. "డైరెక్టర్ గది అప్పుడే నాకిచ్చేశారు, దాని కిటికీ అటే ఉంది. రోజూ రెండు మూడు కార్లు తక్కువగా కనబడతాయి. వేరే పని దొరికినవాళ్లు ముందే వెళ్లిపోతున్నారు."

హిల్లా నా భుజం మీద తల పెట్టింది. తడి జుట్టు చల్లగా తగిలింది. ఆ రోజు శనివారం. నేను ఆఫీసుకు వెళ్లలేదు.

సౌనా పొగ గొట్టంలోంచి నీలంగా పొగ లేచింది. కాసేపటికి ఇల్పో తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. చేతిలో తువ్వాలు ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లూ ఆఖరు వంతు మా ఇద్దరిదే. ఆ బెంచీ మీద కూర్చుంటే అడుగుతాడు, అడిగితే చెప్తాను. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాను.

"వేడెక్కింది," అన్నాడు. తువ్వాలు నా చేతికిచ్చాడు. చక్కగా మడిచి ఉంది. "నువ్వు ముందు వెళ్లు, మెర్వీ."

"నువ్వు?"

"నాది తర్వాత. తొందరేం లేదు, నిదానంగా కానియ్."

మర్యాదగా చెప్పాడు. సకారికి చెప్పినట్టే.

వెళ్లాను. పై బెంచీ మీద నా చోట నేను కూర్చున్నాను. పక్కన చోటు వదిలి కూర్చున్నానని కాసేపటికి గానీ తెలియలేదు. బకెట్టు నిండా నీళ్లున్నాయి. గరిటె అందులోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. రాళ్లు పొడిగా చిటపటమంటున్నాయి. బయట రేవు మీద ఇల్పో, హిల్లా ఏదో మాట్లాడుకుంటున్నారు. మాటలు తెలియడం లేదు. ఎవరైనా వచ్చి ఏదైనా అడుగుతారేమోనని చాలాసేపు అలాగే కూర్చున్నాను.